తువ్వాలు వేసిన సీటు

నాయనా,

నువ్వు వచ్చినప్పుడల్లా తిట్టుకునే నంద్యాల బజారు రద్దీ ఇప్పుడు లేదు. తోపుడుబండ్లను పక్క వీధికి పంపి, రోడ్డును వన్‌వే చేశారు. అప్పట్లో బస్సు ఇరుక్కోగానే సీటు మీద తువ్వాలు వేసి, "ఈడే కూచో పాపా, బేగా వస్తా" అని దిగేవాడివి. నువ్వు మిరపకాయ బజ్జీలు వేయించుకుని తిరిగొచ్చినా బస్సు అక్కడే ఉండేది.

నువ్వు పోయాక ఈరోజే మొదటిసారి ఆళ్లగడ్డ నుంచి బస్సెక్కాను. పక్క సీటు మీద నీ తువ్వాలే వేశాను.

బజారు దగ్గర ఎక్కినాయన, "ఈడ ఎవురన్నా ఉండారామ్మా?" అని అడిగాడు.

"మా నాయన బజ్జీలకు దిగినాడన్నా, వస్తాడు" అనేశాను.

ఆయన నిలబడే ఉన్నాడు. బస్సు మాత్రం బజారు దాటేదాకా ఇంకెక్కడా ఆగలేదు.