దాటని బస్సు

ఫిబ్రవరి 3, శనివారం

డాక్టర్ రిపోర్టులు చూసి పెదవి విరిచాడు. షుగర్ గుమ్మం దాకా వచ్చి నిలబడిందట, లోపలికి పిలవడమా మానడమా నా ఇష్టమట. ఇరవై ఒక్క ఏళ్ళు బస్సు నడిపి, ఇప్పుడు డిపోలో టైమ్ కీపర్ కుర్చీకి అతుక్కుపోయినవాడికి కదలడం ఒక్కటే మందు అన్నాడు. మా ఆవిడ ఫిజియోథెరపీ సెంటర్లో పనిచేస్తుంది. నా మోకాళ్ళలాంటివి రోజుకి పాతిక చూస్తుంది. నడవండి చాలు, అంది. నేను సైకిల్ కొంటానన్నాను.

ఎందుకన్నానో నాకే తెలీదు.

అబద్ధం. తెలుసు.

సాయంత్రం షాపుకి వెళ్ళాను. ఓనరు ఒకావిడ. నలభై దాటి ఉంటాయి, పిక్కలు రాళ్ళలా ఉన్నాయి, ఒకప్పుడు రేసులు తొక్కిందట. బడ్జెట్ అడుగుతుందనుకున్నాను. ఎంత దూరం, ఏ రోడ్డు, ఆ రోడ్డు ఎలా ఉంటుంది అని అడిగింది. రోజూ డిపోకి తొమ్మిది కిలోమీటర్లు, ఆదివారాలు ఇంకాస్త ఎక్కువ అన్నాను. తర్వాత, ఆకుపచ్చది ఉందా అని అడిగాను. ఆవిడ నవ్వింది. రంగు తొక్కదు సార్, కాళ్ళే తొక్కాలి, అంది.

ఫిబ్రవరి 4, ఆదివారం

డైరీలో కూడా దాచుకుంటే ఇక రాయడం దేనికి.

ఏడాది ఎనిమిది నెలల కిందట, పాత మిల్లు గోడ పక్కన ఒకతను నా బస్సు కింద పడ్డాడు. ఇరవై ఆరేళ్ళు. ఆకుపచ్చ రోడ్ బైక్, కిందికి వంగిన హ్యాండిల్. అంచున వెళ్తున్నవాడు ఉన్నట్టుండి నా ముందుకి తిప్పాడు. ఎంక్వైరీలో నా తప్పేమీ లేదని తేల్చారు. కానీ ఆ తర్వాత నేను స్టీరింగ్ పట్టుకోలేదు. నేనే అడిగి డెస్క్‌కి మారాను.

ఇంతే.

ఫిబ్రవరి 10, శనివారం

మూడు బళ్ళు తొక్కాను. పదహారేళ్ళ వయసులో వదిలేసిన విద్య, మొదటి పది గజాలు పసిపిల్లాడి నడకే.

మొదటిది హైబ్రిడ్. నిటారు హ్యాండిల్, లావు టైర్లు. కుర్చీలో కూర్చుని ఊరేగినట్టు హాయిగా ఉంది. ఆదివారం యాభై కిలోమీటర్లు తొక్కితే ఆ హాయి కాస్తా నడుంలోకి దిగుతుంది, అంది షాపావిడ.

రెండోది అసలు సిసలు రేసు బండి. చిటికెన వేలితో ఎత్తొచ్చు. టైరు వెడల్పు ఇరవై అయిదు మిల్లీమీటర్లు. దానిమీద కూర్చుంటే పొట్ట వచ్చి తొడలకి తగిలింది. కానీ ఒక్క తొక్కుకి ఎంత దూరం పోతుందో!

మూడోది మధ్యరకం. ఎండ్యూరెన్స్ అంటారట. హ్యాండిల్ వంపే గానీ కాస్త ఎత్తు, ముప్పై రెండు మిల్లీమీటర్ల టైర్లు, మడ్‌గార్డుకీ వెనక సంచికీ చోటుంది. మీకు ఇదే సరిపోతుంది సార్, పనికీ ఇదే, సరదాకీ ఇదే, అని ఖాయం చేసేసింది.

ఆవిడ చెప్పింది నిజమని నాకు తెలుసు. తెలిసే రెండోది కావాలన్నాను. అతని బండి అలాంటిదే. ఆ మాట ఆవిడతో ఎలా చెప్తాను?

నా మొహంలో ఏం చూసిందో, వాదించలేదు. ట్రయల్ బండి ఉంది, పది రోజులు తొక్కండి, మిగతాది మీ నడుమే చెప్తుంది, అంది.

ఫిబ్రవరి 12, సోమవారం. ఉదయం 7:25, డిపో

చెమట ఆరకముందే రాస్తున్నాను.

మిల్లు గోడ దగ్గర రోడ్డు సన్నబడుతుంది. పావు కిలోమీటరు పొడుగునా ఒకవైపు గోడ, నీడ. ఆరూ యాభై అయింది. వెనక బస్సు చప్పుడు వినిపించింది. సెకండ్ గేరులో, ఉగ్గబట్టుకుని, నా వేగంతోనే వస్తోంది. బస్సులు అలా రావు. సైకిలు వెనక ఓపిగ్గా నడిపే డ్రైవరు ఎవడూ లేడు. నేనూ ఏనాడూ నడపలేదు.

గోడకి ఆనుకుని కాలు కింద పెట్టి, పొమ్మని చెయ్యి ఊపాను. ఎయిర్ బ్రేకు బుస్సుమంది.

తిరిగి చూస్తే రోడ్డు ఖాళీ.

ఫిబ్రవరి 13, మంగళవారం

మళ్ళీ. ఆ రోడ్డులో మొదటి సర్వీసు 7:40కి. ఆ టైము రిజిస్టర్లో రాసేది నేనే.

ఫిబ్రవరి 14, బుధవారం

ఇవాళ కూడా.

ఫిబ్రవరి 16, శుక్రవారం

మా ఆవిడతో, వెనక ఏదో చప్పుడు వస్తోందని మాత్రం చెప్పాను. గాలి చెవుల్లో హోరెత్తుతుందిలెండి, ఇరవై ఏళ్ళు ఇంజను పక్కన కూర్చున్న చెవులు అవి, ఒకసారి చూపించుకోండి, అంది. తర్వాత చపాతీ పిండి కలుపుతున్న చెయ్యి ఆపి, మార్కెట్ రోడ్డు దగ్గరి దారి కదా, మిల్లు మీదుగా ఎందుకు వెళ్తున్నారు, అని అడిగింది.

నేను స్నానానికి వెళ్ళిపోయాను.

ఫిబ్రవరి 17, శనివారం

ఆనాడు నేను నడిపిన బస్సు మా డిపోలోనే ఉంది. వెనక షెడ్డులో, రేకుల కింద. ఆ ఏడే సర్వీసు నుంచి తీసేశారు. సీట్లు ఊడబీకారు, ముందు టైర్లు వేరే బండికి వేశారు, కింద దిమ్మలు పెట్టి నిలబెట్టారు. ఇన్నాళ్ళూ ఆ వైపు పోలేదు. ఇవాళ డ్యూటీ ఎక్కకముందు వెళ్ళాను. అద్దం మీద దుమ్ము మందంగా పేరుకుపోయింది.

ఇంజను మూత మీద చెయ్యి వేశాను.

వెచ్చగా ఉంది. ఇప్పుడే బండి ఆపి దిగితే ఉండేంత వెచ్చగా.

మెకానిక్‌ని పిలిచాను. అందరూ అతన్ని స్పానర్ అంటారు, పడుకున్నా చేతిలో అదే ఉంటుందని. వచ్చి చెయ్యి పెట్టి చూశాడు. ఔనన్నా, వేడిగానే ఉంది, అన్నాడు. దీనికి బ్యాటరీయే లేదు కదరా అన్నాను. రేకులమీద ఎండకి కాలి ఉంటుంది, అన్నాడు. ఆ షెడ్డులోకి ఎండ మధ్యాహ్నం దాటితే గానీ రాదు. ఆ సంగతి అతనికీ తెలుసు. చెయ్యి ప్యాంటుకి తుడుచుకుంటూ వెళ్ళిపోయాడు. చేతికి మట్టేమీ అంటలేదు మరి.

ఫిబ్రవరి 18, ఆదివారం

ముందు మంచి సంగతి. షాపావిడ ఆదివారం జట్టుతో నలభై కిలోమీటర్లు తొక్కాను. పదిమంది, ఒకరి వెనక ఒకరు. మొదటి ఎత్తులో ఊపిరి ఆగిపోయిందనుకున్నాను. జట్టులో బ్యాంకు నుంచి రిటైరైన డెబ్బై ఏళ్ళ పెద్దాయన పక్కనుంచి ఈలవేసుకుంటూ దాటేశాడు. ఆ తర్వాత దిగుడు. కళ్ళల్లో నీళ్ళు, గాలికి. వెనక ఏ బస్సూ లేదు. నవ్వొచ్చింది. ఎన్నాళ్ళకి!

తిరుగు ప్రయాణంలో జట్టు మిల్లు రోడ్డు ఎక్కింది. గోడ సగంలో ముందున్న షాపావిడ చెయ్యి కిందికి దించి నేల చూపించి, రోడ్డు మధ్యకి తిప్పింది. వెనకవాళ్ళంతా ఒక్కొక్కరే అలాగే తిప్పారు. నాకు ఆ సైగ అర్థమయ్యేసరికి ఆలస్యమైంది. చక్రం దేన్నో ఒరుసుకుంటూ పోయింది.

దిగి చూశాను. వాన నీళ్ళు పోవడానికి వేసిన ఇనప చువ్వల మూత. చువ్వలు రోడ్డుకి అడ్డంగా లేవు, పొడుగునా ఉన్నాయి. సందులో నా బొటనవేలు దూరి ఇంకా చోటు మిగిలింది. ఇరవై అయిదు టైరు నేరుగా అందులోకి దిగి ఇరుక్కుంటుంది. మనిషి పల్టీ కొడతాడు.

షాపావిడ వచ్చి పక్కన నిలబడింది. ఇక్కడ తొక్కేవాళ్ళందరికీ తెలుసు సార్, టైరైనా లావుదుండాలి, బయటికైనా తిప్పాలి, పైన బళ్ళలో పోయేవాళ్ళకి ఇది కనిపించదు, అంది.

ఆ మూత మీదుగా నేను ఎన్ని వేలసార్లు వెళ్ళానో. నిజమే, కనిపించదు.

ఫిబ్రవరి 19, సోమవారం

ఏ కారణం లేకుండా ఉన్నట్టుండి తిప్పాడు, అని చెప్పాను ఎంక్వైరీలో. 'సైకిలిస్టు అజాగ్రత్త' అని రాసుకున్నారు. వాళ్ళ నాన్న వెనక బెంచీ మీద కూర్చున్నాడు. అంతా అయిపోయాక, మావాడు అలా చేసే రకం కాదండీ, అన్నాడు. ఎవరితో అన్నాడో ఎవరికీ తెలీదు. అందరూ కాగితాలు సర్దుకున్నారు.

అతను చేయాల్సిందే చేశాడు. ఆ చోట బతకాలంటే తిప్పాలి. అతను తిప్పడానికి నేను చోటు వదల్లేదు. చెయ్యి చాపితే తగిలేంత దగ్గరగా దాటబోయాను. ఆ వేళ ఆలస్యంగా ఉన్నాను. గోడ అయ్యేదాకా అతని వెనక ఆగి ఉంటే ఇంకో అర నిమిషం ఆలస్యమయ్యేది.

అర నిమిషం.

ఫిబ్రవరి 22, గురువారం

రేసు బండి తిరిగి ఇచ్చేశాను. మూడోది తీసుకున్నాను. బూడిద రంగు. ముప్పై రెండు టైర్లు. షాపావిడ సీటు ఎత్తు కొలిచి, నా కాలికి సరిచేసి, నడుం చెప్పిందా సార్, అని అడిగింది. నడుం కాదన్నాను.

ఫిబ్రవరి 26, సోమవారం

ఈ టైర్లతో చువ్వలమీద నేరుగా పోవచ్చు. గలగలమంటాయి, అంతే.

బస్సు మాత్రం వస్తోంది. ఇంకా దగ్గరికి వచ్చింది. రేడియేటర్ వేడి పిక్కలకి తగులుతోంది. ఇవాళ తిరిగి చూడలేదు. వెళ్ళిపో, అన్నాను గట్టిగా. దాటి పో నాయనా, అని బతిమాలాను కూడా. గోడ అయ్యేదాకా ఆ వేడి అలాగే ఉంది.

మార్చి 1, శుక్రవారం

మా ఆవిడకి చెప్పేశాను. చువ్వల సంగతి, చప్పుడు సంగతి, వెచ్చటి ఇంజను సంగతి. ఆపైన, ఇక్కడ కూడా ఇంతవరకు రాయనిది.

ఆ రోజు నేను దిగలేదు.

కండక్టరు దిగాడు, ప్యాసింజర్లు దిగారు. నేను స్టీరింగ్ పట్టుకుని సీట్లోనే ఉండిపోయాను. కిందపడ్డ కుర్రాడు నాలుగైదు నిమిషాలు బతికే ఉన్నాడట. డ్రైవరు ఏడీ అని అడిగాడట. కండక్టరు వచ్చి కిటికీ కింద నిలబడి పిలిచాడు. నాకు వినిపించింది. అద్దంలోంచి ముందుకే చూస్తూ కూర్చున్నాను. కాళ్ళు రాలేదని చెప్పుకోవచ్చు. ప్రయత్నించి చూస్తే కదా, వచ్చేవో రావో తెలిసేది.

ఎంక్వైరీలో వెంటనే దిగాననీ, తల ఒళ్ళో పెట్టుకున్నాననీ చెప్పాను. నామీద జాలితో కండక్టరు కూడా అవునన్నాడు.

మా ఆవిడ అంతా వింది. నన్ను తిడుతుందనుకున్నాను, ఓదారుస్తుందేమోనని కూడా అనుకున్నాను. లేచి, గిన్నెలు సర్దుతూ, ఇది చెప్పాల్సింది నాకు కాదండీ, అంది.

మార్చి 4, సోమవారం

రాసి మేనేజర్‌కి ఇచ్చాను. రెండు పేజీలు. నేను చోటు వదల్లేదు, అతని తప్పు లేదు, నేను దిగలేదు, ఇంతవరకే. కండక్టరు ఊసు ఎత్తలేదు.

మేనేజర్ చదివి తలుపు వేశాడు. మూసేసిన ఫైలు ఎందుకు తవ్వుతావయ్యా, పోయినవాడు ఎలాగూ రాడు, ఉన్న ఉద్యోగం ఊడుతుంది, చింపేస్తాను, ఇంటికి పో, అన్నాడు. నా మేలు కోరే అన్నాడు. చింపితే మళ్ళీ రాస్తాను సార్, అన్నాను.

మధ్యాహ్నానికి సస్పెన్షన్ కాగితం వచ్చింది. చువ్వలు తిప్పి వేయించమని ఇంకో అర్జీ రాసి, అది కూడా ఆయన టేబుల్ మీదే పెట్టి వచ్చాను.

మార్చి 7, గురువారం

ఆ కుర్రాడి నాన్నది తాళాలు బాగుచేసే కొట్టు. ఇద్దరు నిలబడితే నిండిపోతుంది. నన్ను చూడగానే గుర్తుపట్టాడు. కూర్చోమనలేదు. పొమ్మనలేదు. ఏదో తాళంచెవిని ఆకురాయితో రాస్తున్నాడు. నిలబడే అంతా చెప్పాను. ఆకురాయి చప్పుడు ఆగలేదు. దిగలేదన్న మాట దగ్గర ఆగింది. ఆ కాసేపూ వీధిలో చప్పుళ్ళన్నీ ఒక్కసారిగా లోపలికి వచ్చినట్టనిపించింది. తర్వాత మళ్ళీ మొదలైంది.

కొడతాడేమోనని వెళ్ళాను. కొడితే బాగుండునని కూడా ఉందేమో.

తాళంచెవి మీద పొడి ఊదేసి, ఆ చువ్వలు ఎక్కడున్నాయో చూపిస్తావా బాబూ, మావాడు ఎలా తిప్పాడో చూడాలి, అన్నాడు.

మార్చి 10, ఆదివారం

ఆరున్నరకల్లా వాళ్ళ నాన్న మిల్లు దగ్గరికి వచ్చాడు. గోడ చివర నిలబడ్డాడు. నేను అవతలి కొసనుంచి, అంచున, వాళ్ళబ్బాయి వచ్చినట్టే తొక్కుకుంటూ వచ్చాను. చువ్వల దగ్గర బయటికి తిప్పాను. ఆయన దగ్గర ఆపాను.

ఇవాళ నాకు ఏ చప్పుడూ వినిపించలేదు.

ఆయన నన్ను చూడటం లేదు. నా భుజం మీదుగా రోడ్డుకేసి చూస్తున్నాడు. చక్కగా ఆగి చోటిచ్చాడు, అన్నాడు.

ఎవరని అడిగాను.

బస్సు ఆపి దిగాడు కదా బాబూ, ఆ డ్రైవరు, ఇంతలో ఎటు పోయాడు, అని నన్నే అడిగాడు.