ఆ రెండు గుంటలు పూడ్చొద్దు

ఏమండీ,

నేను డ్యూటీకి వెళ్తున్నాను. భోజనం స్టవ్ పక్కన మూతపెట్టి ఉంది. మేస్త్రి మధ్యాహ్నం గానీ రాడట. ఈలోపు బాత్రూంలో మిగిలిన టైల్స్ మీరే అంటించెయ్యండి.

ముందు ప్రార్థన చేసుకుని, ఆ తర్వాతే సిమెంటులో నీళ్లు పొయ్యండి. మొన్న కలిపాక మొదలుపెట్టారు. చుట్టాల్నీ, సంఘంలో వాళ్లందర్నీ పేరుపేరునా తలుచుకుని మీరు ఆమెన్ అనేసరికి బకెట్లో సిమెంటు రాయైపోయింది. దేవుడికి ఓపికుంది గానీ సిమెంటుకి లేదు.

సిమెంటంటిన మీ ప్యాంటు ఎంత ఉతికినా మరక పోలేదు. గుడ్డముక్కల్లో పడేశాను. అడక్కండి.

మర్చిపోయాను. వంటింటి గడప దగ్గర కొత్త నేలమీదున్న రెండు గుంటలు ఇవాళ పూడుస్తానన్నాడు మేస్త్రి. వద్దని చెప్పండి. అటకకి రంగేస్తూ నేను నిచ్చెన మీంచి పడ్డ రోజు, కింద పచ్చి సిమెంటని కూడా చూడకుండా మీరు నా పక్కన మోకరించిన చోటది. "ప్రభువా, దీన్ని నాకుంచయ్యా" అన్నారు, అంతే. ఆమెన్ కూడా అనలేదు.

అప్పుడు నాకు స్పృహ ఉంది. విన్నాను.