ఆసుపత్రి ఫైల్లో నా పేరు

అన్నా,

నువ్వు పోయి పద్నాలుగు నెలలు. ఇన్నాళ్లూ రాయలేదు. రాస్తే అన్నీ రాయాలి కదా...

వదిన మన ఊరికి తిరిగి పోలేదు, కోసాడ్‌లో మీ అద్దె ఇల్లు ఖాళీ చేయలేదు. చీరలు మడతపెట్టే పనికి పోతోంది. నీ టిఫిన్ డబ్బాలోనే అన్నం తీసుకెళుతోంది.

నిన్న ఇద్దరం వకీలు మేడం దగ్గరికి వెళ్లాం. ఆసుపత్రుల నిర్లక్ష్యం మీద కేసులే వాదిస్తుంది ఆమె. రెండు కాగితాలు పక్కపక్కన పెట్టింది. ఆసుపత్రి కాగితంలో చనిపోయింది నేను. శ్మశానంలో మేం నీ పేరే చెప్పాం, ఆ రశీదులో నీ పేరుంది. వాటి ప్రకారం ఆసుపత్రిలో పోయిన మనిషికి దహనం జరగలేదు. దహనమైన మనిషికి జబ్బే లేదు. ఇరవై రెండేళ్లుగా వార్తలు రాస్తున్నాను. ఇంత తప్పుడు వార్త ఎప్పుడూ రాయలేదు.

ఇలా ఎలా జరిగిందని మేడం అడిగింది. పల్సానాలో మీ మగ్గాల షెడ్డు సంగతి చెప్పాను. ఒకడు ఊరికి పోతే ఇంకొకడు వాడి పేరు మీద మగ్గాల ముందు నిలబడతాడు. రిజిస్టరులో పేరు మారదు. నువ్వు ఎన్ని పేర్ల మీద పని చేశావో... "మగ్గానికి చేతులు గావాలె తమ్మీ, పేరెందుకు?" అనేవాడివి. ఒకసారి వదినను ఏడిపించావు, గుర్తుందా? "గీ నెల నేను మల్లయ్యను. ఇంటికొచ్చేది ఎవడో జర చూస్కో."

అందుకే హెర్నియా ఆపరేషన్‌కి, నీకు బీమా లేదని నా బీమా కార్డు ఇస్తే నువ్వు మారు మాట్లాడలేదు. ఫోటోలో ఇద్దరం ఒక్కలాగే ఉంటాం. మూడేళ్ల కిందట నేను అదే ఆసుపత్రిలో చూపించుకున్నాను. నా పాత ఫైలే నీకు తీశారు. పడని మందులు ఏవీ లేవని ఉంది అందులో.

సూదిమందు వేసే ముందు నువ్వు నర్సుకు చెప్పావు. ఆ మందు పడదని, ముఖం ఉబ్బుతుందని, షెడ్డులో నేర్చుకున్న హిందీలో రెండుసార్లు చెప్పావు. నేను పక్కనే ఉన్నాను. ఆమె ఫైలు చూసింది. అలాంటిదేమీ లేదంది. ముందు పరీక్ష కోసం కొంచెం వేసి చూడకుండా మొత్తం మందు ఎక్కించింది. డాక్టరు వచ్చేసరికి నీకు ఊపిరి అందడం లేదు...

రోగి నోటితో చెప్పాక కూడా ఫైలునే నమ్మడం నిర్లక్ష్యమేనంది మేడం. కానీ నువ్వు చెప్పావనడానికి నా మాట తప్ప ఏముంది? ఆ మందు నీకు పడదని ముందే ఎవరైనా రాసిన కాగితం ఉందా అని అడిగింది. వదిన నా వైపు చూసింది.

లేదన్నాను.

ఉంది అన్నా. అమ్రోలీ డాక్టరు రాసిచ్చిన చీటీ. ఆ రోజు నువ్వు దాన్ని జేబులో పెట్టుకునే బయల్దేరావు. దాని మీద నీ పేరుంది, పట్టుబడతాం, ఇటివ్వమన్నాను. "నువ్వు సదువుకున్నోనివి, నీకెర్క" అని ఇచ్చేశావు. అప్పటి నుంచి అది నా పర్సులోనే ఉంది.

కార్డు సంగతి మేడంకు చెప్పగలిగాను. దానికి ఉద్యోగం పోయినా, నా మీద కేసు పెట్టినా సరేననుకున్నాను. చీటీ సంగతే చెప్పలేకపోయాను. అది లేకుంటే వదిన కేసు నిలబడదు. బయట పెడితే అది నీ జేబులో ఎందుకు లేదో వదినకు తెలుస్తుంది.

ఈ పొద్దున చీటీ తీసి ఆమె ముందు పెట్టాను. జరిగింది చెప్పాను. వదినకు చదవడం రాదు, నీ పేరు మాత్రం గుర్తుపడుతుంది. పేరు మీద వేలు పెట్టి చాలాసేపు తీయలేదు. నేను చీటీ ఇమ్మన్నప్పుడు, ఎందుకని నువ్వు అడిగావా అని మాత్రం అడిగింది. అడగలేదన్నాను. లేచి పనికి వెళ్లిపోయింది. డబ్బా ఇక్కడే ఉంది.

నువ్వెందుకు అడగలేదన్నా?

మధ్యాహ్నం చీటీ మేడంకు ఇస్తాను. అవతలి వకీలు, మన అబద్ధమే నీ ప్రాణం తీసిందంటాడు. అందులో నా వంతు నిజమే, ఒప్పుకుంటాను. ప్రమాణపత్రంలో మొదటి మాటలు నేనే రాసి పెట్టుకున్నాను: "ఆసుపత్రి ఫైల్లో ఉన్న పేరు నాది. చనిపోయింది మా అన్న."

దాని కింద నీ పేరు రాశాను, ఇంటిపేరుతో సహా. ఇక ఎవరు తీయమన్నా తీయను.

నీ తమ్ముడు