పసుపునీళ్ళు తాగిన సెన్సరు

రాయగడ, విశ్వకర్మ పూజ మర్నాటి రాత్రి, 2006

కోడలు సుజాతకి నెలలు నిండాయి. నొప్పులొస్తే ఆసుపత్రికి తీసుకెళ్ళాల్సిన కారు పొద్దున్న మొరాయించింది. ఇంజను తిరుగుతోంది గానీ అందుకోదు.

నా పాత జీపయితే కార్బ్యురేటర్ని నాలుగు తట్టి, నాలుగు తిడితే కదిలేది. ఇప్పటి బళ్ళు తిట్లకి లొంగవు. ట్యాంకులో పెట్రోలు తోడే పంపు చప్పుడు వినిపించింది. కానీ తాళం తిప్పుతున్నంతసేపూ ఆర్పీయం ముల్లు సున్నా మీంచి లేవలేదు. అంటే ఇంజను తిరుగుతున్న కబురు బండిలోని కంప్యూటరుకి అందడంలేదు. ఆ కబురు మోసేది క్రాంక్ సెన్సరు. కిందికి దూరి దాని ప్లగ్గు ఊడదీస్తే లోపల పసుపునీళ్ళు!

నిన్న పూజకని ఇంజను మీద పైపు పెట్టి కడిగి, పసుపునీళ్ళు జల్లినవాడు మా బావమరిది అప్పన్న.

"పూజ సెయ్యమన్నాం గానీ ఇంజనుకి తలంటు పొయ్యమన్నామేట్రా?"

"శుభ్రంగా ఉంటే మంచిదే కదేటి బావా! నువ్వూ ఓపాలి పోసుకుంటే తెలుస్తాది."

తుడిచి, ఆరబెట్టి బిగిస్తే ఇంజను అందుకుంది. అయినా తడి తిన్న సెన్సరుని నమ్మేదెలా? కొత్తది విశాఖ నుంచి ఎప్పుడొస్తుందో. అందుకే భోజనమయ్యాక ఒకసారి, చెయ్యి ఊరుకోక మరోసారి స్టార్టు చేసి చూశాను.

కిటికీలోంచి సుజాత నవ్వింది. "నొప్పులు నాకు కదా రావాలి మావయ్యా, మీకేటి ఈ అవస్థ? పడుకోండి."

పడుకోడానికే వచ్చాను. తాళం తలగడ కింద పెట్టాను. ఇప్పుడే కోడలి గదిలో మంచం కిర్రుమంది. అటు తిరిగి పడుకుందేమో. లేచి అడిగితే మళ్ళీ నవ్వుతుంది...