వ్యక్తిగత ప్రశ్నలకు తావు లేదు

ఏప్రిల్ 24, గురువారం

ఒప్పందం మీద సంతకాలయ్యాయి. పెద్ద సంస్థ వాళ్ళ లిఫ్టులో మా ఆఫీసు మొత్తం పట్టేస్తుంది. మాది రెండు గదులు, ముగ్గురు మనుషులు, బుద్ధి పుట్టినప్పుడు పనిచేసే ఒక ప్రింటర్. వాళ్ళకి పేరుంది, డాక్టర్లున్నారు, ఆన్‌లైన్ మీటింగులు పెట్టే అకౌంట్ ఉంది. మాకు జనం తెలుసు, ఇంటింటికీ తిరిగి సర్వేలు చేస్తాం. ఇద్దరం కలిసి ప్రజల ఆరోగ్యం మీద నెలకో ఆన్‌లైన్ చర్చ పెట్టాలి. ఏనుగుతో స్నేహం. తొక్కకుండా ఉంటే చాలు.

వాళ్ళ తరఫున పని చూసే కోఆర్డినేటర్ మాట మాటకీ వాచీ చూసుకున్నాడు. అక్కడే ఆయనకి గడియారం అని పేరు పెట్టేశాను. మనిషి మర్యాదస్తుడే. షరతులు రెండే అన్నాడు. ప్రతి చర్చకీ వందమందికి తగ్గకూడదు, తగ్గుతూ పోతే ఒప్పందం ఉండదు. రెండోది, మాట్లాడేది జనాభా గురించే తప్ప ఏ ఒక్క మనిషి రోగం గురించీ కాదు. నాకిలా ఉంది, ఏ మందు వేసుకోవాలి అనే ప్రశ్నల్ని చదవనే చదవకూడదు. జవాబిస్తే వైద్యం చేసినట్టే లెక్క, రేపు ఏదైనా అయితే కోర్టుల చుట్టూ ఎవరు తిరుగుతారు అన్నాడు. వాటి కోసం ఒక తయారు జవాబు రాసి పెట్టుకున్నారు. బటన్ నొక్కితే వెళ్ళిపోతుంది.

సబబుగానే అనిపించింది. తలూపాను.

మే 10, శనివారం

మొదటి చర్చ. రోడ్డు దుమ్ము, పిల్లల ఊపిరితిత్తులు. మాట్లాడినవాళ్ళు బాగా మాట్లాడారు. వచ్చింది అరవై ఒక్కమంది. గడియారం ఆ అంకెని రాసి పెట్టుకున్నాడు. అదే భయంగా ఉంది.

జూన్ 3, మంగళవారం

శనివారం గుండె జబ్బుల మీద చర్చ. పేరు నమోదు చేసుకున్నది ముప్పై ఎనిమిది మంది. ఆఫీసులో మిగతా ఇద్దరూ నా మొహం చూస్తున్నారు. ఈ ఒప్పందం పోతే వాళ్ళ జీతాలూ పోతాయి, నాదీ పోతుంది.

చివరికి చుట్టాల మీద పడ్డాం. ఎవరి బలగాన్ని వాళ్ళు తోలుకురావాలి. మావాళ్ళలో సగం మందికి ఈమెయిల్ అంటే పాస్‌వర్డ్ మర్చిపోయిన వస్తువు. అడిగి రాబట్టేసరికి తెల్లారుతుందని, అందరికీ నా ఈమెయిలే ఇచ్చి, పేరు దగ్గర అతిథి అని టైపు చేసేశాను. ఆ పిచ్చి ఫారం కిక్కురుమనకుండా అన్నీ తీసుకుంది. వచ్చిన లింకులన్నీ ఫ్యామిలీ గ్రూపులో పోసి, తలా ఒకటి తీసుకోండి, శనివారం నాలుగింటికి కూర్చోకపోయారో మీ గడప తొక్కను అని బెదిరించాను. మా పిన్ని, నువ్వు రాకపోతే కాఫీ పొడి మిగులుతుంది అంది.

వదిన ఒక్కతే విడిగా ఫోన్ చేసింది. మా అన్నయ్య భార్య, సొంతంగా టైలరింగ్ షాపు నడుపుతుంది. నేను పదో తరగతిలో ఉండగా మా ఇంటికొచ్చింది. నా స్కూలు బట్టల దగ్గర్నుంచి పెళ్ళి జాకెట్టు దాకా అన్నీ తన చేతి కుట్టే. ఏ పని అడిగినా కాదనడం ఆవిడకి చేతకాదు. నాకు అర్థమవుతుందో లేదో, మెషిన్ తొక్కుతూ వింటాలే అంది. అర్థం కాకపోయినా ఫర్వాలేదు, లెక్కకి ఉంటే చాలు అన్నాను.

జూన్ 6, శుక్రవారం

రిహార్సల్ అయింది. చర్చలో మాట్లాడబోయే డాక్టరుగారు ఎక్కువసేపు తీసుకుంటున్నారని గడియారం ఆయన మీద కూడా బెల్లు కొట్టాడు. ప్రశ్నల పెట్టె, అంటే జనం టైపు చేసే ప్రశ్నలు చూసే పని, నా చేతికిచ్చారు.

జూన్ 7, శనివారం, సాయంత్రం

ఉన్నదున్నట్టు రాస్తాను.

హాజరు నూట ముప్పై దాటింది. గడియారం శభాష్ అన్నట్టు బొటనవేలు బొమ్మ పంపాడు. నాకు నేల మీద కాళ్ళు ఆగలేదు. డాక్టరుగారు నగరంలో గుండె జబ్బుల లెక్కలు చెబుతున్నారు. కింద ప్రశ్నలు వస్తున్నాయి. పేరు కనపడకుండా అడిగే వీలుంది, ఎక్కువమంది అలాగే అడుగుతారు. పనికొచ్చేవి పక్కన పెట్టుకుంటున్నాను, మందులడిగేవాళ్ళకి తయారు జవాబు పంపుతున్నాను.

అప్పుడు ఇది వచ్చింది. పేరు లేదు. పొద్దున్నుంచి దవడ లాగుతోంది, ఊరికే చెమటలు పడుతున్నాయి, ఇది కూడా గుండెదేనా, పన్ను నొప్పా?

నాకు నవ్వొచ్చింది. పళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్ళాల్సినవాళ్ళు దారి తప్పి మన దగ్గరికొచ్చారని గడియారానికి విడిగా మెసేజ్ పెట్టాను. ఆయనా నవ్వు బొమ్మ పంపాడు. బటన్ నొక్కేశాను. మీ ప్రశ్నకు ధన్యవాదాలు, ఈ వేదికపై వ్యక్తిగత ప్రశ్నలకు తావు లేదు, దయచేసి మీ వైద్యుణ్ణి సంప్రదించండి.

చివరి పది నిమిషాల్లో డాక్టరుగారు ఆడవాళ్ళ సంగతికొచ్చారు. వాళ్ళకి చాలాసార్లు గుండెపోటు గుండెలో నొప్పిగా రాదట. దవడ లాగుతుంది, వీపు పట్టేస్తుంది, చెమటలు, నీరసం. పన్ను నొప్పనో గ్యాసనో ఇంట్లో ఉండిపోతారు, ఆలస్యంగా వస్తారు, అందుకే ఎక్కువమంది పోతారు అన్నారు.

ఆ ప్రశ్న వెతికి పట్టుకుని, వెంటనే ఆసుపత్రికి వెళ్ళండి అని టైపు చేస్తున్నాను. వెళ్ళండి అనే మాట పూర్తి కాలేదు. గడియారం సరిగ్గా టైముకి మూసేశాడు. చర్చ ముగిసింది అని తెర మీద వచ్చింది.

గడియారానికి ఫోన్ చేశాను. వెంటనే ఎత్తాడు. అంతా విని, పేరు లేకుండా అడిగిన మనిషిని మనం వెతకకూడదు, అది మనం ఇచ్చిన మాట అన్నాడు. మాట కోసం మనిషిని చంపుకుంటామా అని అరిచాను. కనీసం వచ్చినవాళ్ళందరికీ ఒక హెచ్చరిక మెయిల్ పంపమన్నాను. పైవాళ్ళు ఒప్పుకోవాలి, ఇవాళా రేపూ సెలవు అన్నాడు.

జూన్ 8, ఆదివారం

అన్నం సయించలేదు. మా ఆయన, నూట ముప్పైమందిలో ఎవరో ఏమిటో, నిజంగా పన్ను నొప్పేనేమో అన్నాడు. అలాగే అయ్యుంటే ఎంత బాగుండు.

మావాళ్ళలో ఎవరైనా అయ్యుంటారేమోనని ఆడవాళ్ళందరికీ ఫోన్లు చేశాను. ప్రశ్న సంగతి చెప్పలేదు. చెబితే నేనేం జవాబు పంపానో కూడా చెప్పాలి. అందుకని ఒంట్లో ఎలా ఉంది అని మాత్రమే అడిగాను. అందరూ ఒకే మాట. బాగానే ఉంది. పిన్ని బాగానే ఉంది. అత్తగారు బాగానే ఉన్నారు. వదిన కూడా బాగానే ఉన్నానంది, గొంతు కాస్త నీరసంగా ఉంటే ఆర్డర్లు ఎక్కువున్నాయేమో అనుకున్నాను. ఎవరడిగినా ఎవరైనా చెప్పే మాటే అది. సర్వేలు చేసి పొట్టపోసుకునేదాన్ని, ఆ మాత్రం తెలియదా నాకు? తెలుసు. అయినా వినడానికి హాయిగా ఉండి నమ్మాను.

జూన్ 9, సోమవారం

పొద్దున్నుంచీ గడియారానికి ఫోన్లు. మెయిల్ ముసాయిదా తయారైంది, లాయరు చూస్తున్నాడు. లాయరు చూశాడు, డైరెక్టరు చూడాలి. డైరెక్టరు మీటింగులో ఉన్నారు. ఆయన్నని లాభం లేదు, పాపం ఆయనా వాళ్ళ కాళ్ళు పట్టుకుంటున్నాడు.

రాత్రి భోజనాల వేళకి మెయిల్ వెళ్ళింది. నా ఫోన్ మోగింది. మళ్ళీ మోగింది. ఆగకుండా మోగుతూనే ఉంది. తీసి చూస్తే అన్నీ ఆ మెయిలే. దవడ నొప్పి, చెమట ఉన్నవారు వెంటనే ఆసుపత్రికి వెళ్ళండి. ఒకటి కింద ఒకటి, ఇరవైకి పైగా.

మావాళ్ళెవరికీ వెళ్ళలేదు. అందరివీ నాకే వచ్చాయి.

గ్రూపులో పెట్టాను. పిన్ని దండం బొమ్మ పెట్టింది. మిగతావాళ్ళు చూడనే లేదు.

జూన్ 10, మంగళవారం

తెల్లవారుతూనే గడియారం ఫోన్. గొంతు ఎప్పటిలా లేదు. "మేడమ్, రూలు తప్పి చెబుతున్నాను. మా టెక్నికల్ అతన్ని బతిమాలి చూపించుకున్నాను. ఆ ప్రశ్న మీ ఈమెయిల్ నుంచే వచ్చింది."

అంటే మావాళ్ళలో ఒకరు. ఎవరో మాత్రం ఆ కంప్యూటర్లో కూడా లేదు. అందరికీ ఒకే ఈమెయిల్, ఒకే పేరు పెట్టింది నేనే.

మళ్ళీ ఫోన్లు. ఈసారి ఒంట్లో ఎలా ఉందని అడగలేదు. దవడ నొప్పని రాసింది నువ్వేనా అని అడిగాను. పిన్ని కాదు. అత్తగారు కాదు. వదిన షాపులో ఉంది, వెనక మెషిన్ చప్పుడు వినిపిస్తోంది. అడగ్గానే ఆ చప్పుడు ఆగింది.

"నేనే అమ్మాయ్. నువ్వే కదా, సొంత సంగతులకి ఇక్కడ చోటు లేదని రాశావు. కింద నీ పేరే ఉంది. నిజమేలే, అంతమందిలో పని చేసుకుంటున్నావు, మధ్యలో నా గోలేంటి అనుకున్నాను."

తనని గుర్తుపట్టే అలా రాశాననుకుంది. మొన్న ఫోన్ చేసినప్పుడు కూడా, నేను అడగనిది తనెందుకు ఎత్తాలని ఊరుకుంది. ఇప్పుడెలా ఉంది వదినా అన్నాను. నొప్పి తగ్గింది, నాలుగడుగులు వేస్తే ఆయాసం వస్తోంది, రాత్రి దిండ్లు ఎత్తుగా పెట్టుకుని కూర్చునే ఉన్నానంది. షట్టర్ వెయ్యి, కదలకు అన్నాను. ఒక జాకెట్టుకి హుక్కులు కుట్టేస్తే అయిపోతుంది అంది. ఆవిడ మీద ఎన్నడూ అరవనిదాన్ని, అరిచాను.

అంబులెన్సుకి చెప్పాను, అన్నయ్యకి చెప్పాను, ఆటోలో బయల్దేరాను. నేను వెళ్ళేసరికి స్ట్రెచర్ మీద ఎక్కిస్తున్నారు. కుట్టేటప్పుడు సూది గుచ్చుకోకుండా వేలికి పెట్టుకునే తొడుగు ఇంకా ఉంది. నన్ను చూసి, ఇంత హడావుడి ఎందుకే అంది.

జూన్ 11, బుధవారం

శనివారమే గుండెపోటు వచ్చిందట. అప్పుడే వచ్చి ఉంటే అని డాక్టరు మొదలుపెట్టి, మా మొహాలు చూసి ఆపేశాడు. గుండె సగం పని మానేసింది. ఊపిరితిత్తుల్లో నీరు. ఐసీయూలో ఒక్కొక్కరినే పంపిస్తున్నారు.

కారిడార్లో అన్నయ్యకి అంతా చెప్పాను. నవ్విన సంగతితో సహా. కొడతాడనుకున్నాను, కొట్టినా బాగుండేది. బెంచీ మీద కూర్చుండిపోయాడు. శనివారం రాత్రి పన్ను లాగుతోందంటే తనే లవంగం పెట్టుకోమన్నాడట. డబ్బా దొరక్కపోతే వెతికి ఇచ్చాడట.

ఇద్దరం ఒకరి పక్కన ఒకరం కూర్చున్నాం.

జూన్ 12, గురువారం

కళ్ళు తెరిచి మంచినీళ్ళడిగిందట. కాస్త ఆశ.

జూన్ 13, శుక్రవారం

వదిన పోయింది.

జూన్ 23, సోమవారం

ఆఫీసుకి వెళ్ళాను. బల్ల మీద పెద్ద సంస్థ ఉత్తరం. రెండో చర్చకి విశేష స్పందన, ఇలాగే కొనసాగించగలరు. అందులో ఇరవై ఇద్దరు నేను తోలుకొచ్చినవాళ్ళని, ఆ ప్రశ్న ఎవరిదో, నేనేం జవాబు పంపానో, ఆ మనిషి ఏమైందో మొత్తం రాసి పంపాను. ఆ తయారు జవాబు మీ దగ్గర ఇంకా ఉంటే మా సంస్థ పేరు తీసెయ్యండి అని కూడా రాశాను. నా పక్కవాళ్ళిద్దరికీ ముందే చదివి వినిపించాను. జీతాల మాట వాళ్ళూ ఎత్తలేదు.

సాయంత్రం గడియారం వచ్చాడు. పరామర్శ చేయడం చేతకాని మనిషి. ఆ ప్రశ్న మీద మనం నవ్వుకున్న మెసేజ్‌లు ఇంకా నా ఫోన్లో ఉన్నాయి మేడమ్, తీసెయ్యడానికి చెయ్యి రావడం లేదు అన్నాడు. నాకూ రావడం లేదు. పైవాళ్ళతో పోట్లాడుతున్నాడట, ప్రశ్నల పెట్టె దగ్గర ఒక నర్సుని కూర్చోబెట్టాలని. ఒప్పుకోకపోతే మానేస్తానన్నాడు. మంచిదే. నాకు మాత్రం ఆయన మీద కోపం తగ్గలేదు, నా మీద అసలే తగ్గలేదు.

జూలై 2, బుధవారం

అన్నయ్య ఫోన్ చేశాడు. ఆ రోజు చర్చ రికార్డింగు ఉందా అన్నాడు. అందులో వదిన కనిపిస్తుందేమో చూస్తాడట. విన్నవాళ్ళ మొహాలు అందులో ఉండవన్నాను. సరే, తను విన్నదే నేనూ వింటాను అన్నాడు.

పంపాను.