రాజీ మన ఇంటికొస్తోంది

ప్రియమైన అమ్మకు,

నీ కెజియా బోలెడు ప్రేమతో రాసేది. ప్రభువు దయవల్ల నేనిక్కడ ఆరోగ్యంగా ఉన్నాను. నువ్వూ, నాన్నగారూ, నాయనమ్మా, తమ్ముడూ అంతా కులాసాగా ఉన్నారని తలుస్తున్నాను. నాయనమ్మ మోకాళ్లు ఎలా ఉన్నాయి? నాన్నగారు పెదవేగి తోటలకి ఇంకా ఆ పాత స్కూటర్ మీదే వెళుతున్నారా? నీ హాస్టల్ పిల్లలు ఈ ఏడు ఎలాంటివాళ్లు వచ్చారు? నా గురించి బెంగపెట్టుకోకు. వేళకి తింటున్నాను. చెవులు కప్పుకోకుండా గుమ్మం దాటడం లేదు. నిజంగానే చెబుతున్నాను.

ఈ ఉత్తరం పోస్టులో రావడం లేదు, రాజీ చేతికిచ్చి పంపుతున్నాను. రాజీ నీకు గుర్తే కదా. మేం బయల్దేరిన రోజు తాడేపల్లిగూడెంలో రైలెక్కి, ఏలూరు వచ్చేసరికి కిటికీలోంచి చెయ్యూపుతూ "ఆంటీ, మీ అమ్మాయికి సీటు పట్టానండీ" అని ప్లాట్‌ఫారమ్ అంతా వినబడేలా అరిచిందే, ఆ పిల్ల. రాజీ వస్తోందని, రెండ్రోజులు మన ఇంట్లో ఉంటుందని మాత్రం మొన్న ఫోన్‌లో చెప్పాను. ఎందుకొస్తోందో చెప్పలేదు. ఫోన్‌లో చెప్పే సంగతి కాదమ్మా అది. అందుకే మొదట్నించీ రాస్తున్నాను, ఓపిగ్గా చదువు.

ఇక్కడ మాకు ఈ ఏడాదంతా రష్యన్ భాషే. డాక్టరు చదువు పై ఏడాది మొదలవుతుంది, అదీ రష్యన్‌లోనే. వచ్చిన కొత్తలో వీధిలో బోర్డులు చూసి ఇంగ్లీషే కదా అనుకున్నాం. చూడ్డానికి అలాగే ఉంటాయి. కానీ మనం 'పి' అనుకున్నది వీళ్లకి 'ర', 'హెచ్' అనుకున్నది 'న', 'సి' ఏమో 'స'. రాజీ ఒక బోర్డు చూసి "పెక్టోపా అంటే ఏంటే?" అంది. తీరా చూస్తే అది రెస్టారెంటు. ఆ రోజు మేం నవ్విన నవ్వుకి ట్రామ్‌లో జనం మావంక తిరిగి చూశారు.

మా టీచరు పేరు నీనా పెత్రోవ్నా. జుట్టు తెల్లబడింది, మనిషి సన్నగా ఉంటుంది. ఇక్కడ టీచర్లని మేడమ్ అనకూడదు. పేరుతోపాటు వాళ్ల నాన్నగారి పేరు కూడా కలిపి పిలవాలి, అదే మర్యాద. మనకి పెద్దవాళ్లని పేరు పెట్టి పిలవడమంటే నోరు రాదు కదా. నేను మొదటి వారమంతా "నీనా పెత్రోవ్నా అండీ" అనేదాన్ని. ఆవిడ ఆ 'అండీ' కూడా పేరులో భాగమేమో అనుకుంది పాపం. ఆవిడకి ఇంగ్లీషు రాదు, వచ్చినా మాట్లాడదు. బల్ల మీద చెయ్యి వేసి ఒక మాట, కిటికీ చూపించి ఒక మాట, అలా మొదలెట్టింది. క్లాసులో వియత్నాం వాళ్లు, ఆఫ్రికా వాళ్లు, అరబ్బులు ఉన్నారు. ఒకరి భాష ఒకరికి రాదు. మేమిద్దరం మాత్రం పక్కపక్కనే కూర్చుని, ఆవిడ చెప్పిన ప్రతి మాటకీ తెలుగులో గుసగుసలు.

నెల తిరక్కుండానే హాస్టల్లో మా ఇద్దర్నీ వేరే గదుల్లో వేసేశారు. "మీరిద్దరూ కలిసి ఉంటే ఈ ఊరు వచ్చినా రానట్టే" అని నీనా పెత్రోవ్నా వార్డెన్‌తో చెప్పి చేయించింది. మాకు చాలా కోపం వచ్చింది. ఆవిడకి కడుపు మండుతోందే అని రాజీ అంది. నన్ను లాన్ అనే వియత్నాం అమ్మాయితో వేశారు. మా ఇద్దరికీ ఉన్నది ముక్కల రష్యన్ ఒక్కటే. ఉప్పు అడగాలన్నా, కిటికీ మూయమనాలన్నా అందులోనే. ఆ అమ్మాయి తప్పులు నేను దిద్దేదాన్ని, నా తప్పులు తను దిద్దేది. ఇద్దరివీ తప్పే అని తరవాత తెలిసేది. అలా అలా కొంచెం కొంచెం వచ్చింది. రాజీని ఇరా అనే ఇక్కడి అమ్మాయితో వేశారు. ఇరా మంచిదే, గబగబా మాట్లాడుతుంది. అంత గబగబా మాట్లాడేవాళ్ల ముందు రాజీ నోరు మూసుకుపోయింది.

నేను ఇది వెంటనే గమనించలేదమ్మా. సాయంత్రాలు నా గదికి వచ్చేది, కుక్కర్ పెట్టుకుని అన్నం వండుకునేవాళ్లం, మామూలుగానే ఉంది అనుకున్నాను. ఇక్కడ క్యాంటీన్‌లో బీట్‌రూట్‌తో ఎర్రటి చారు ఒకటి పోస్తారు, అందులో గడ్డపెరుగులాంటిది వేస్తారు. నాకు అలవాటైంది. రాజీ ముట్టుకునేది కాదు. క్లాసులో లేచి నిలబడేది, నీనా పెత్రోవ్నా అడిగింది అర్థమయ్యేది, పెదాలు కదిలేవి, మాట మాత్రం వచ్చేది కాదు. కూర్చునేది. కాగితం మీద రాస్తే నాకంటే మార్కులు తనకే ఎక్కువ. రానురానూ నాతో కూడా తక్కువ మాట్లాడ్డం మొదలెట్టింది. ఏంటే అంటే ఏం లేదే అనేది. మంచు పడ్డం మొదలయ్యాక, మధ్యాహ్నం దాటగానే చీకటి పడిపోతుందిక్కడ, దానివల్ల అందరికీ అలాగే దిగులుగా ఉంటుందన్నారు. నేనూ సరేననుకున్నాను.

ఒక ఆదివారం పొద్దున వంటకి ఎంతకీ రాకపోతే తన గదికి వెళ్లాను. ఇరా ముందు రోజే వాళ్ల ఊరు వెళ్లిపోయింది. రాజీ మంచం మీద మోకాళ్లు కడుపులోకి ముడుచుకుని పడుకుంది. ఒళ్లు కాలిపోతోంది. పెదాలు తెల్లగా అయిపోయాయి.

"ఎప్పట్నించే?" అన్నాను.

"నిన్న పొద్దుట్నించి."

"ఇరా ఉంది కదే అప్పుడు!"

"ఉంది. ఒంట్లో బాలేదా అని అడిగింది. బానే ఉందని తలూపాను."

వెంటనే కిందికి పరుగెత్తాను. గుమ్మం దగ్గర బల్ల వేసుకుని కూర్చునే పెద్దావిడ ఒకావిడ ఉంటుంది. నా మొహం చూడగానే లేచి అంబులెన్సుకి నంబరు తిప్పి, "వాళ్లడిగేవి నీకే తెలుస్తాయి, నువ్వే చెప్పు" అని ఫోను నా చేతిలో పెట్టేసింది. అవతల ఎవరో ఆడమనిషి. ఎవరికి, ఎన్నేళ్లు, ఎక్కడ నొప్పి అని అడుగుతోంది. అన్నీ చెప్పాను గాని, 'కుడి' అనే మాట ఎంతకీ గుర్తు రాలేదు. "కడుపు. ఎడమ కాదు. ఎడమ కాదు!" అని అరిచాను. ఆవిడ నెమ్మదిగా "అర్థమైంది, కుడివైపు. బండి వస్తోంది, మీరు ఆ అమ్మాయి దగ్గర ఉండండి" అంది. వీళ్ల భాషలోనూ మనలాగే 'నువ్వు', 'మీరు' ఉన్నాయి. ఆవిడ నన్ను 'మీరు' అంది. ఆ గాభరాలో కూడా అది నా చెవిన పడింది.

అపెండిసైటిస్. ఆ మధ్యాహ్నమే ఆపరేషన్ చేసేశారు. ఇంకాస్త ఆలస్యమైతే పగిలిపోయేదన్నారు డాక్టరుగారు. ఆయన అడిగినవన్నీ నేను తెలుగులో రాజీని అడిగి, రాజీ చెప్పింది నాకొచ్చిన రష్యన్‌లో ఆయనకి చెప్పాను. ఎన్ని తప్పులు మాట్లాడానో దేవుడికే తెలియాలి. ఒక్కరూ నవ్వలేదు.

మర్నాడు రాజీ కాస్త తేరుకున్నాక పక్కన కూర్చుని అడిగాను. "నొప్పి అనే మాట మనకి మొదటి నెలలోనే నేర్పారు కదే. ఆ ఒక్క మాట ఇరాతో అంటే సరిపోయేది కదే?"

"మాట తెలుసే," అంది. "లోపల ఉంది. బయటికి రాలేదు."

కిటికీవంక తిరిగి, "నేను వెళ్లిపోతానే కెజియా" అంది.

నాకు కోపం వచ్చింది. దాచడం ఎందుకు, కోపంతోపాటు భయం కూడా వేసింది, తను వెళ్లిపోతే నేనొక్కదాన్నే అయిపోతానని. "ఆపరేషన్ అయిందని భయపడుతున్నావు అంతే. పది రోజులాగు" అన్నాను.

"భయం కాదే. గూడెంలో నాకు చిన్న జ్వరం వస్తే మా వీధంతా లేపేసేదాన్ని. ఇక్కడ చచ్చిపోతున్నా నోరెత్తలేదు. ఈ మనిషెవరో నాకే తెలీట్లేదే."

నేను లేచి దాని దుప్పటి సరిచేశానమ్మా.

ఆ సాయంత్రమే నీనా పెత్రోవ్నా వచ్చింది. సీసాలో జామ్ తెచ్చింది, ఇంట్లో కాచినదట. మంచం పక్కన కూర్చుని రాజీ చెయ్యి పట్టుకుని, ఏం కావాలి, ఏం తేవాలి అని నెమ్మదిగా అడిగింది. నేను తెలుగులో చెప్పబోతుంటే రాజీ నన్ను ఆపింది. ఆపి, ఆవిడ కళ్లలోకి చూసి రష్యన్‌లో చెప్పింది: "నీనా పెత్రోవ్నా, నాకు మా అమ్మానాన్నల దగ్గరికి, మా ఇంటికి వెళ్లాలని ఉంది."

ఇన్ని నెలల్లో రాజీ నోట్లోంచి వచ్చిన మొదటి పూర్తి వాక్యం అది. ఒక్క తప్పు లేదు. మేమంతా తడబడే, సందర్భాన్ని బట్టి మారిపోయే మాటల చివర్లు కూడా సరిగ్గా పలికింది. ఆవిడ అలవాటు కొద్దీ, క్లాసులో అన్నట్టే, "సరిగ్గా చెప్పారు" అనేసింది. అనేశాక మొహం పక్కకి తిప్పుకుని కళ్లజోడు తీసి తుడుచుకుంది. మమ్మల్ని విడదీసినందుకు ఆవిడ మీద నాకున్న కోపం అప్పుడే పోయింది. ఆవిడ మా మంచికే చేసింది. అది నాకు పనికొచ్చింది, రాజీకి పనికి రాలేదు. అంతే.

ఇంక రాజీ వాళ్ల నాన్నగారికి చెప్పాలి. ఆయనకి గూడెం మార్కెట్లో ఉల్లిపాయల కొట్టు. కూతురు డాక్టరు చదువుతోందని వచ్చే లారీవాళ్లకి కూడా చెబుతారట. ఆపరేషన్ సంగతి నేనే ముందు చెప్పాను గాని, ఇది రాజీయే చెప్పాలి కదా. ఇద్దరం టెలిఫోన్ ఆఫీసుకి వెళ్లాం. రిసీవరు పట్టుకుని "నాన్నా" అంది, అంతే, నాకిచ్చేసింది. ఈసారి తెలుగులో కూడా మాట రాలేదు పాపం.

"బాబాయిగారూ, నేనండీ, కెజియాని. రాజీ ఇంటికి వచ్చేస్తానంటోందండీ. చదువు మానేసి."

"కుట్లు మానాయా అమ్మా?" అన్నారు.

"మానాయండీ."

"సరే. రమ్మను. నేను మాత్రం స్టేషన్‌కి రాను. నలుగురూ అడుగుతారు, నేనేం చెప్పనమ్మా?" అని పెట్టేశారు.

అదీ సంగతి. విజయవాడ దాకా మా సీనియర్ అక్క ఒకావిడ తోడుంది. అక్కడ్నించి రాజీ ఒక్కతే వస్తుంది. తిన్నగా గూడెంలో దిగడానికి దానికి కాళ్లు రావడం లేదు. అందుకని ఏలూరులో దిగి ఆటోలో వట్లూరు మన ఇంటికి రమ్మన్నాను. ఏ రోజు దిగేదీ వాళ్లమ్మకి ఫోన్ చేసి చెప్పాను. అమ్మా, నీ హాస్టల్లో ఇంటి మీద బెంగతో ఏడ్చే పిల్లల్ని ఎంతమందిని చూశావో. ఎందుకు వచ్చేశావని దాన్ని ఎవర్నీ అడగనీయకు, నాయనమ్మని కూడా. రెండ్రోజులయ్యాక నువ్వే పాసింజరులో దాన్ని గూడెం తీసుకెళ్లి వాళ్లమ్మకి అప్పజెప్పు. నువ్వు పక్కనుంటే వాళ్ల నాన్నగారు గట్టిగా ఏమీ అనలేరు.

ఇక నా సంగతి. నువ్వు అడక్కముందే చెబుతున్నాను, నేను రావడం లేదు. బెంగ లేదని కాదు. రేపట్నించి ఈ హాస్టల్లో తెలుగులో మాట్లాడ్డానికి మనిషి ఉండదు, ఆదివారం ప్రార్థన కూడా ఒక్కదాన్నే చేసుకోవాలి. కానీ ఆ రోజు ఆ ఫోనులో నేనన్న ముక్కలు పట్టుకునే కదా బండి వచ్చింది. ఆసుపత్రిలో నావల్ల ఒక మనిషి మాట ఇంకో మనిషికి చేరింది. ఇది నాకు వస్తుందమ్మా. నెమ్మదిగానైనా వస్తుంది. నువ్వు ధైర్యంగా ఉండు.

ఫిబ్రవరిలో ఇంకో సీనియర్ అక్క విజయవాడ నుంచి బయల్దేరుతుంది. వీలైతే మూడు లీటర్ల కుక్కర్‌కి గాస్కెట్ ఒకటి, కాస్త కందిపొడి పంపించు. స్వెట్టర్లు వద్దు, మన స్వెట్టర్లు ఇక్కడి చలికి ఆగవు. తమ్ముణ్ణి లెక్కలు వదిలెయ్యకుండా చెయ్యమను, నాకు రెండు ముక్కలైనా రాయమను. అమ్మమ్మ కొల్లేరు నుంచి వస్తే నేనడిగానని చెప్పు. ఇక్కడ బజార్లో ఉప్పుచేపల వాసన తగిలినప్పుడల్లా ఆవిడ గుర్తొస్తుంది. నాన్నగారికీ నాయనమ్మకీ నా వందనాలు. మీ ప్రార్థనల్లో నా పేరు, రాజీ పేరు రెండూ ఉండనీ.

నీ ముద్దుల కూతురు,
కెజియా

అమ్మా, పైదంతా రాసి ముగించాక ఇది మళ్లీ రాస్తున్నాను. ఈ పొద్దున రాజీ కాగితాల మీద సంతకాలకి ఆఫీసుకి వెళ్లింది. నేను బట్టలు సర్దుతుంటే కింది పెద్దావిడ మెట్ల దగ్గర్నించి "కెజియా! మీ భాష! మీ భాష!" అని కేకేసింది. పరుగెత్తి ఫోనందుకుంటే, రాజీ వాళ్ల నాన్నగారు. అంతసేపూ ఆవిడ రష్యన్‌లో ఏదో అంటోందట, ఈయనేమో "రాజీ అండీ, రాజ్యలక్ష్మి అండీ, మా అమ్మాయండీ" అంటున్నారట. ఒక్క ముక్క అర్థం కాలేదట ఆయనకి.

"అక్కడ అందరూ ఇలాగే మాట్లాడతారా అమ్మా?" అన్నారు.

"అవునండీ."

"వట్లూరులో మీ ఇల్లెక్కడ?" అన్నారు. గుర్తులన్నీ చెప్పాను. అది దిగిన రోజు సాయంత్రమే కొట్టు కట్టేసి వస్తారట. "దానికి చెప్పకమ్మా, దారంతా ఏడుస్తూ కూచుంటుంది" అన్నారు.

అంచేత కవరు అంటించేస్తున్నాను. ఈ చివరి కాగితం దానికి చూపించకు. సాయంత్రం తలుపు చప్పుడైతే మాత్రం నువ్వు లేవకు, దాన్నే వెళ్లి తియ్యమను.