నీళ్లు లేని దీవిలో కాకి

లచ్చక్కకు,

నీ తమ్ముడు మల్లేశం దండం పెట్టి చెప్పుకునే సంగతులు. నా ఒళ్లు బాగానే ఉన్నది. చందుర్తిల బావ, పిల్లలు, పెగడపల్లిల అవ్వ, పెద్దబాపు అందరు మంచిగనే ఉన్నరనుకుంటున్న. ఈ కాయితం పెగడపల్లికి పోయి అవ్వకు నువ్వే చదివి వినిపించు. బావతో చదివియ్యకు, ఆయన చదివితే సగం మాటలు నోట్లెనే ఉండిపోతయి.

నీ ఉత్తరం అందింది. మన తమ్ముడు చిన్నోడు అన్నలల్ల కలిసి అడవికి పోయి రెండు వానకాలాలు దాటినయి, బతికుంటే ఒక్క కబురన్న వచ్చేది, ఇగ పిట్టకు ముద్ద పెట్టి కర్మ చేద్దామని పెద్దబాపు అంటున్నడని రాసినవు. వాడు ఎప్పుడన్న వస్తే తాగుతడని అవ్వ గడప అవతల పెట్టే నీళ్ల చెంబును గూడ తీసెయ్యమన్నడని, కన్నకొడుకు కోసం అవ్వ కొట్లాడిందని రాసినవు. బాపు లేడు కాబట్టి పెద్దకొడుకుగ నా మాటే ఆఖరన్నవు. ఆ ముక్క కాడ ఆగిపోయి ఇన్ని రోజులు జవాబు రాయలేకపోయిన. కోపం చెయ్యకు.

నన్ను ఈ పరాయి దేశపు పట్నంల పని నుంచి తీసి ఒక దీవి మీద పెట్టిండ్రు. పడవలకు దారి చూపే దీపస్తంభం కడుతున్నం. పనికి వచ్చిన మేము తప్ప మనిషన్నోడు లేడు. నువ్వు ఒక కట్ట బీడీలు చేసేలోపు దీవి చుట్టూ నడిచి రావచ్చు. ఒక దిక్కు తెల్లటి ఇసుక, ఇంకో దిక్కు గవ్వలు అతుక్కున్న రాళ్లగుట్ట. నడుమ పల్లంల ఉప్పు పేరుకొని ఉంటది, కాలు పెడితే అప్పడం లెక్క విరుగుతది. చెట్టు లేదు. మోకాలెత్తు రాని పొదలున్నయి, ఆకు కొరికితే ఉప్పుటుప్పగ ఉంటది. సముద్రం పొంగితే దీవి సగమైతది, వెనక్కి పోతే ఇసుకమేటలు తేలి మళ్ల పెరుగుతది. చుట్టూ నీళ్లే గని తాగేటందుకు చుక్క లేదు, పీపాల నీళ్లు పడవ మీద రావాలె. మన బీర్పూర్ దిక్కు ఎండకాలంల గూడ వాగుల చెలిమె తీస్తే నీళ్లు ఊరుతయి, ఇక్కడ ఎంత తవ్వినా ఉప్పే.

వంట పోశెట్టన్న చేస్తడు, కోరుట్లాయన. అన్నం, చేపల పులుసు. తిండికి తక్కువ లేదు, అవ్వను బెంగ పెట్టుకోవద్దను.

వచ్చిన కొత్తల ఒక పొద్దున ఇసుకల ఏదో ఈడ్చుకపోయిన జాడ కనపడ్డది. మన దిక్కు రాత్రిపూట మనుషులను ఈడ్చుకపోయిన అసొంటి జాడ చూస్తే ఎవరం దాని వెంట పోకపోతుంటిమి, తలుపులు పెట్టుకుంటుంటిమి. పోశెట్టన్న గూడ చూసిండు. ఇద్దరం ఏం చూడనట్టు పనికి పోయినం. తర్వాత తెలిసింది, అది గుడ్లు పెట్టను ఒడ్డెక్కిన తాబేలు జాడ. మిగతా పనోళ్లు పడిపడి నవ్విండ్రు. మా ఇద్దరికి నవ్వు రాలేదు.

ఇక్కడ నల్లటి నీటిపిట్టలు గుంపులు గుంపులున్నయి. వాటి రెట్టతోని గుట్టంతా సున్నమేసినట్టుంటది. సందెకు అవి వాలి గొణుగుతుంటే మన వాకిట్ల నలుగురు మెల్లగ మాట్లాడుకున్నట్టే ఉంటది. అందుల ఒక గొంతు చిన్నోడిదే అనిపిస్తది. భయమైతదక్కా, అయినా పోయి వినకుండ ఉండలేను.

నీ ఉత్తరం చదివినంక ఒక పొద్దున పళ్లెంల అన్నం ముద్ద పెట్టి గుట్ట మీద పెట్టిన. "తమ్ముడా, నువ్వు పోయినవంటే ముట్టు, ఉన్నవంటే ముట్టకు" అని మొక్కిన. పొద్దుగూకేదాక ఒక్క పిట్ట ముట్టలేదు. మా చిన్నోడు ఉన్నడని పోశెట్టన్న కాడికి ఉరికిన. ఆయన గంటె పక్కకు పెట్టిండు.

"మల్లేశా, గీ పిట్టలకు చేపలు తప్ప అన్నం అంటే ఏందో ఎర్కనే లేదు. కాకి ముట్టాలె గని గివి ఎట్ల ముడుతయిర?" అన్నడు.

నా సంబురం అక్కడ్నే పోయింది. ఈ దీవి మీద కాకి లేదు.

మొన్న నీళ్ల పీపాల పడవ మీద కూసోని ఒక కాకి వచ్చింది.

"ఇగో, ఇప్పుడు పెట్టు. గిట్లనో గట్లనో తేలిపోతది" అన్నడు పోశెట్టన్న.

పెట్టలేదు. పళ్లెం చేతితోని కప్పుకొని, మెతుకు కింద పడకుండ తిన్న. రాళ్లు గూడ ఇసిరిన. పడవ మళ్లిపోయింది గని కాకి పోలేదు. ఎండకు నోరు తెరుసుకొని పీపాల చుట్టే తిరిగింది. అడవిల నుంచి వచ్చి మన ఊళ్ల తలుపు కొట్టి నీళ్లడిగిన పిల్లలు గుర్తుకొచ్చిండ్రు. పోలీసులకు భయపడి ఊరంతా గొళ్లాలు పెట్టుకుంటే అవ్వ ఒక్కతే తలుపు తీసేది. లేచి చిప్పల నీళ్లు పోసి దూరం జరిగిన. గడగడ తాగింది. అన్నం మాత్రం పెట్టలేదు.

అక్కా, ఇదే నా జవాబు. కర్మ చెయ్యద్దని పెద్దబాపుకు నా మాటగ చెప్పు. వాడు ఉన్నడో లేడో నాకు తెలువది, తెలుసుకునే ధైర్యం గూడ లేదు. చెంబు మాత్రం గడప అవతల్నే ఉండనియ్యి. అవ్వకు చాతకాని రోజు నువ్వు నింపు.

వీలైతే పోశెట్టన్న ఇంటోళ్లతోని చింతకాయ తొక్కు పంపు. పెద్దబాపుకు, పెద్దమ్మకు దండాలు, పిల్లలకు ముద్దులు. నా పేరు చెప్పి అవ్వ కాళ్లు మొక్కు, అవ్వ దీవెన నాకు రాసి పంపు. ఇంకా రాద్దును గని ఎండెక్కింది, కాకి చిప్ప కాడ కూసున్నది. నీళ్లు అయిపోయినట్టున్నయి, లేచి పోసి రావాలె.

నీ తమ్ముడు
మల్లేశం